మా కారులో వాసన లేదు

14 ఏప్రిల్ 1985, ఆదివారం

కారు వచ్చింది. మా డ్రైవరు మారోతి హైదరాబాదు నుంచి పొద్దంతా నడిపి తెచ్చాడు. తెల్ల అంబాసిడర్. ఒకరు వాడినదే అయినా డ్యాష్‌బోర్డు కింద నల్లటి పెట్టె బిగించి ఉంది. ఏసీ! నాందేడ్ ధాన్యం బజారు మోంఢాలో ఇన్ని అడ్తి దుకాణాలున్నాయి, ఇంతమంది సేఠ్‌లున్నారు, ఒక్కరికీ ఏసీ కారు లేదు. నాకుంది. గల్లీ అంతా వచ్చి చూసింది. కొందరు చేయి లోపల పెట్టి చల్లదనం చూసి, కొనబోయే వాళ్లలాగా తల ఊపి వెళ్లారు.

విద్యావతి పాపను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. పొద్దున్నుంచి ఎండకు గుక్కపట్టి ఏడ్చిన పాప అయిదు నిమిషాల్లో నిద్రపోయింది. పుట్టి ఆరు వారాలైంది, ఇంకా పేరు లేదు. చిట్టి అంటున్నాం. మా ఆవిడ హుకుం అలా ఉంది మరి. "ఈ పిల్లకు పేరు వాళ్ల మేనత్తనే పెట్టాలె. వదిన రాకపోతే, బడికి పోయినంక గూడ ఇది చిట్టే" అని పురిటి మంచం మీద నుంచే చెప్పేసింది.

మేనత్త అంటే మా చంద్రభాగక్క. బిలోలి అవతల పల్లెలో ఉంటుంది. అక్కడికి రైలు లేదు, బస్సే దిక్కు. అక్కకు బస్సు పడదు. డీజిల్ వాసన తగిలితే కడుపులో తిప్పుతుంది. పదకొండేళ్లుగా ఆమె మా ఇంటికి రాకపోవడానికి కారణం అదొక్కటే. వేరే ఏం లేదు.

ఇప్పుడు బస్సు సంగతి తీరిపోయింది. చల్లగా, తలుపులన్నీ మూసుకుని, దుమ్మూ పొగా లేకుండా తీసుకొస్తాను.

16 ఏప్రిల్, మంగళవారం

మారోతి కిన్వట్‌లో అత్తగారింటికి రెండు రోజుల సెలవు మీద వెళ్లాడు. పొద్దున చూస్తే కారు కింద నీళ్ల మడుగు. వంగి చూశాను. ముందు భాగంలో ఒక రబ్బరు గొట్టం నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. అంత డబ్బు పోసి కొన్న కారు కారుతుందా!

ఇరవై ఏళ్లుగా మోంఢాలో ఉన్నవాణ్ణి. కారేది ఏదైనా నా కంటికి నష్టమే. సంచికి చిల్లు పడి జొన్నలు కారుతుంటే మా హమాలీలు ఏం చేస్తారు? నాలుగు జనపనార పోగులు మెలిపెట్టి చిల్లులో కుక్కుతారు. అదే పని చేశాను. నేనే, స్వయంగా, పంచె ఎగగట్టి, కారు కింద దూరి. మా హమాలీల పెద్ద, ముకద్దం భోజన్న పక్కన నిలబడి చూశాడు.

"సేఠ్, గిది సంచి గాదు గదా, మోటరు గదా" అన్నాడు.

"కారేదానికి సంచైతే ఏంది, మోటరైతే ఏంది?" అన్నాను.

గట్టిగా కుక్కాను. ఒక్క బొట్టు పడితే ఒట్టు.

19 ఏప్రిల్, శుక్రవారం

అక్కకు ఉత్తరం వేశాను. "పాపకు పేరు పెట్టే రోజు మే 24, శుక్రవారం. నువ్వు రావాలి. నేనే కారు తీసుకుని వస్తాను. అందులో ఏ వాసనా ఉండదు" అని రాశాను. ఆ చివరి మాట కింద గీత కూడా గీశాను.

22 ఏప్రిల్, సోమవారం

విద్యావతి ఇవాళ కారెక్కి, ఏసీ వేయగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందో కంపు కొడుతున్నది."

నేను గట్టిగా రెండు సార్లు పీల్చి చూశాను. ఏమీ లేదు. బాలింతలకు అన్నీ వాసనే అన్నాను.

"మీకు తపకీరు డబ్బా తప్ప లోకంల ఇంకేమన్న వాసన తెలుస్తదా? పదిహేనేండ్ల సంది ఆ పొడి ఎక్కించి ఎక్కించి ముక్కును సున్నం గోడ జేస్కున్నరు" అంది.

రోజుకు నాలుగైదు పట్లు నశ్యం పీలుస్తాను, అంతే. దానికీ ముక్కుకూ సంబంధం లేదు. తల తేలికవడానికి పీలుస్తాను.

23 ఏప్రిల్, మంగళవారం

వాసన లేదు.

25 ఏప్రిల్, గురువారం

మార్కెట్ కమిటీ సెక్రటరీ గారిని ఇంటి దగ్గర దింపుతానని ఎక్కించుకున్నాను. ఎండ నలభై రెండు. ఆయన వజీరాబాద్ చౌరస్తా దగ్గరే దిగి, మిగతా దూరం నడిచి వెళ్తానన్నారు. పెద్ద ఆఫీసర్లకు నడక మంచిదని డాక్టర్లు చెబుతుంటారు.

కాళ్ల కింద పట్టా తడిగా ఉందని మారోతి అన్నాడు. తడి కాళ్లతో ఎక్కేది వాడే.

27 ఏప్రిల్, శనివారం

ధర్మాబాద్ నుంచి బాబురావ్ వచ్చాడు. చిన్నప్పటి నేస్తం, నోటికి గేటు లేదు. ప్రతి శనివారం మోంఢాకు వస్తాడు. స్టేషన్ నుంచి కారులో తీసుకొస్తుంటే రెండు ఫర్లాంగులు ఓర్చుకుని, అద్దం దింపి, తల బయట పెట్టాడు.

"నాగేశ్వర్, నిజం జెప్పు. ఎవల్నన్న సంపి ఇందుల దాసినవా?"

సరే. విద్యావతికి బాలింత ముక్కు, సెక్రటరీకి నడక పిచ్చి అనుకున్నాను. బాబురావ్‌కు ఏ సాకూ దొరకలేదు. వాసన ఉందనే అనుకుందాం. ఉంటే ఎలుక చచ్చి ఉండాలి. మోంఢాలో నిలబెట్టిన కారులో ఎలుక దూరడం వింత కాదు.

మారోతి సీట్లన్నీ ఊడదీశాడు. ఒక జడపిన్ను, ఒక అణా బిళ్ల, పాత యజమాని వదిలేసిన సగం చపాతీ దొరికాయి. ఎలుక దొరకలేదు.

29 ఏప్రిల్, సోమవారం

భోజన్న మాట విన్నందుకు నన్ను నేను తన్నుకోవాలి.

"ఎలుక యాడ దాస్కున్నదో మనకేం తెలుస్తది సేఠ్? పిల్లికి తెలుస్తది" అన్నాడు. దుకాణం పిల్లిని నిన్న మధ్యాహ్నం కారులో వదిలి, అద్దాలు కొంచెం కిందికి దింపి పెట్టాం. సాయంత్రం తలుపు తీస్తే అది బాణంలా దూసుకుపోయింది. ఎలుకను పట్టలేదు. ఊరికే కూడా ఉండలేదు. వెనక సీటు మీద చేయాల్సిందంతా చేసింది.

విద్యావతి కారు దగ్గరికి కూడా రాలేదు, అరుగు మీద నుంచే వాసన చూసి లోపలికి వెళ్లింది.

30 ఏప్రిల్, మంగళవారం

అత్తరు కొన్నాను. సీసాలోంచి ఒక చుక్క నా మణికట్టుకు రాసి, "సేఠ్, యే లగావ్ తో గాడీ నహీఁ, దూల్హే కీ సవారీ" అన్నాడు అత్తరు సాయిబు. పెళ్లికొడుకు సవారీ అంటే బాగుందనిపించింది. సీసా అంతా ఏసీ రెక్కల మీద పోశాను.

విద్యావతి తలుపు తీసి, మూసి, నా వైపు తిరిగింది.

"నిన్నటిదాంక ఇందుల సచ్చిన ఎలుక ఉండె. ఇప్పుడు దానికి పెండ్లి జేసిన్రు."

నాకు నవ్వొచ్చింది. ఆమె ఎదుట నవ్వలేదు.

2 మే, గురువారం

అక్క జవాబు వచ్చింది. కార్డు. బడి పంతులుతో రాయించింది, మాటలు మాత్రం ఆమెవే.

"తమ్మునికి దీవెనలు. నేను మంచిగున్న. విద్యావతిని పైలం చూస్కో. మోటరు నాకు పడది. వాసన పడది. పిల్లకు మీరే మంచి పేరు పెట్టుకోండ్రి. పెద్దోనికి పెట్టుకోలేదా, గట్లనే."

పెద్దోడంటే మా అబ్బాయి. సెలవులకు ఉమ్రిలో అమ్మమ్మ ఇంట్లో ఉన్నాడు. వాడికి అక్క పేరు పెట్టలేదు. పెట్టాల్సింది. బాబురావ్ చెల్లెలు పెట్టింది.

వాసన పడదని రాసింది. అన్ని మాటలుండగా ఆ మాటే రాసింది.

కార్డు విద్యావతికి ఇచ్చాను. రెండుసార్లు చదివి దేవుడి అలమారలో పెట్టింది.

4 మే, శనివారం

సాంబ్రాణి వేశాను. అద్దాలన్నీ మూసి, ఏసీ నడిపిస్తూ, ఒకటి కాదు రెండు పెద్ద ధూపాలు లోపల పెట్టాం. పొగ పట్టి గొట్టాల నిండా తిరిగితే వాసన చస్తుందని నా లెక్క. పావుగంటకు కారు కనబడకుండా పోయింది. కారు అంటుకుందనుకుని గల్లీ వాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. నేను వద్దు వద్దంటుండగానే మూడు బిందెలు నా మీద, ఒకటి కారు మీద పడ్డాయి.

పొగ పోయాక బాబురావ్ ఎక్కి చూశాడు. "గుడి వెనుక ఎవలో సచ్చినట్టున్నది" అన్నాడు.

6 మే, సోమవారం

ఇవాళ విద్యావతి నాతో మామూలుగా మాట్లాడుతూ, పాపకు నూనె రాస్తూ, తల ఎత్తకుండా అంది. "వదినకు బస్సు వాసన పడదని మీరు పదకొండేండ్ల సంది అందరికి జెప్తున్నరు. ఆ దినం ముక్కు మూసుకున్నది వదిన గాదు. మీరు."

ఎన్నడూ అనలేదు ఆమె. నేనే మరిచిపోయాననుకుంది కావచ్చు. నేనూ మరిచిపోయాననే అనుకున్నాను.

రాస్తాను. ఎవరు చదువుతారు గనుక.

అది 1974, మే నెల. అబ్బాయికి పేరు పెట్టే రోజు. అప్పుడే కొత్తగా ఈ ఇల్లు కట్టాను, దుకాణానికి బ్యాంకు లోను మంజూరైంది. ముందు గదిలో బ్యాంకు మేనేజర్, మోంఢా పెద్దలు కూర్చున్నారు. అక్క పొద్దుటి బస్సులో వచ్చింది. ఆమె బర్రె అంతకు ముందు రోజే ఈనిందట. నాకు జున్నంటే ప్రాణమని, ముర్రుపాలు ఇత్తడి గిన్నెలో పోసి, గుడ్డ కట్టి, ఒళ్లో పెట్టుకుని అంత దూరం వచ్చింది. బస్సు కుదుపులకు సగం పాలు చీర మీద ఒలికాయి. ఎండకు పులిశాయి. పైగా దారిలో వాంతులు. గేటు తెరిచి, గిన్నె రెండు చేతులతో పట్టుకుని, నవ్వుతూ నిలబడింది.

నేను అరుగు మీదే ఉన్నాను. దస్తీ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. "అక్కా, దొడ్డి దిక్కు నుంచి రా" అన్నాను. మెల్లగానే అన్నాను. మెల్లగా అన్నంత మాత్రాన వినబడకుండా ఉంటుందా?

ఆమె దొడ్డి వైపే వెళ్లింది. విద్యావతి వెళ్లి చూసేసరికి బావి గట్టు మీద గిన్నె ఉంది. అక్క లేదు. తిరుగు బస్సు ఎక్కింది. మంచినీళ్లు కూడా తాగలేదు.

అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. నన్ను చంకన వేసుకుని పెంచింది అక్క. నా ముక్కు చీదింది, నా గుడ్డలు ఉతికింది. ఎన్నడన్నా దస్తీ అడ్డం పెట్టుకుందా? ఆ రోజు ఆమెను చూసి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తర్వాత ఏడాదికోసారి నేనే వెళ్లొచ్చాను. పండ్లు, చీర ఇచ్చి, గంటలో బయలుదేరేవాణ్ణి. క్షమించమని అడగలేదు. బస్సు పడదని ఆమే ఒక మాట అంది, నేను దాన్ని పట్టుకుని వేలాడాను.

7 మే, మంగళవారం

తపకీరు డబ్బా భోజన్నకు ఇచ్చేశాను. నా కారులో వాసన నాకే తెలియకపోతే దాన్ని పోగొట్టేదెట్లా?

8 మే, బుధవారం

తలనొప్పి.

9 మే, గురువారం

భోజన్న మీద అరిచాను. కొనడానికి వచ్చిన గిరాకీ మీద అరిచాను. గోడ మీది క్యాలెండర్ వంకరగా ఉందని దాని మీద కూడా అరిచాను. భోజన్న జేబులోంచి డబ్బా తీసి, మూత తెరిచి, నా ముందు పెట్టి, "జెరంత పీల్చుండ్రి సేఠ్, మా పానాలు నిలవడ్తయి" అన్నాడు. పీల్చలేదు. లేచి బయటికి వెళ్లిపోయాను.

11 మే, శనివారం

పొద్దున పాపను ఎత్తుకుంటే దాని నెత్తి మీద ఏదో తీయటి వాసన. ఆముదం, పాలు, ఇంకేదో. విద్యావతిని అడిగాను, ఏం రాశావని. "ఏం రాయలే. పసిపిల్లలు గట్లనే ఉంటరు. పెద్దోడు గూడ గట్లనే ఉండె" అంది. నాకు తెలియదు. వాడు పసివాడిగా ఉన్నప్పుడు కూడా నా ముక్కు నిండా తపకీరే. అక్క గేటు దగ్గర నిలబడ్డ రోజు కూడా అంతే, దస్తీ అడ్డం పెట్టుకున్నది వాసనకు కాదు.

దుకాణానికి వెళ్తే పసుపు వాసన వేరే, ధనియాల వాసన వేరే, హమాలీల చెమట వేరే. మోంఢా ఇంత ఘాటుగా ఉంటుందని ఇరవై ఏళ్లకు తెలిసింది. పిచ్చివాడిలా అన్ని సంచుల మీదికీ వంగి వంగి వాసన చూశాను. హమాలీలు ఒకరినొకరు చూసుకున్నారు.

ఆ ఉషారులోనే కారెక్కి, అద్దాలు మూసి, ఏసీ వేశాను.

అమ్మో.

సెక్రటరీ గారు చౌరస్తా దాకా ఎలా కూర్చున్నారో! ఆయన మహానుభావుడు.

13 మే, సోమవారం

నందకిషోర్ వచ్చాడు. బస్టాండు దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసేవాడు. కారు ఏసీలు ఎక్కువ చూడలేదన్నాడు, "చల్లదనం ఎక్కడైనా ఒకటే" అని ధైర్యం చెప్పాడు. నల్ల పెట్టె మూత విప్పి, లోపల టార్చి వేసి, చాలాసేపు చూశాడు. లోపల చల్లటి జాలీ ఉంటుందట. గాలిలోని తేమ దానికి తగిలి నీరై కింద తొట్టిలో పడుతుందట. తొట్టిలోంచి రబ్బరు గొట్టం గుండా బయటికి పోవాలట.

"కారాలె సేఠ్. కారు కింద నీళ్లు కారుతున్నయంటే అంతా మంచిగున్నట్టు. మీ తొట్టి నిండ నెల నీళ్లు నిలిచినయి, నాచు పట్టింది" అన్నాడు.

నేను భోజన్నకు వీపు తిప్పి నిలబడ్డాను.

కారు కింద దూరి, పట్టకారు పెట్టి గొట్టంలోంచి లాగాడు. నల్లగా, జిగటగా, జానెడు పొడుగున ఏదో వచ్చింది.

"ఎలుక తోక!" అని మారోతి గంతేశాడు.

తోక కాదు. కుళ్లిన జనపనార. వెనకే నీళ్లు బడబడా వచ్చాయి. ఆ వాసనకు అందరం పది అడుగులు వెనక్కి జరిగాం, నందకిషోర్ తప్ప. అతను కారు కిందే ఉన్నాడు పాపం.

లేచి మొహం తుడుచుకుని, "పానీ జానే కా రాస్తా కోన్ బంద్ కరా సేఠ్?" అని అడిగాడు. నీళ్లు పోయే దారి ఎవరు మూశారని.

"హైద్రాబాదోళ్లు" అన్నాను.

భోజన్న నన్ను చూశాడు. తర్వాత ఆకాశం చూశాడు.

సాయంత్రం దాకా అదే పని. నందకిషోర్ జాలీని మెత్తటి కుంచెతో, సబ్బు నీళ్లతో కడిగాడు. తొట్టి గీకి, రెండుసార్లు వేడినీళ్లు పోశాడు. గొట్టంలో సైకిలు పంపుతో గాలి కొట్టాడు. కింది పట్టా, లోపలి జంపఖానా, పిల్లి పాడుచేసిన సీటు గుడ్డ, అన్నీ ఉతికి మేడ మీద ఎండలో పరిచాం. వెళ్తూ ఒక కిటుకు చెప్పాడు. ఇంటికి చేరే అయిదు నిమిషాల ముందు చల్లదనం ఆపేసి ఉత్త ఫ్యాను నడిపించాలట. లోపల తడి ఆరిపోతే మళ్లీ వాసన పుట్టదట.

విద్యావతికి నిజం చెప్పాను. చెప్పక ముందే ఆమెకు తెలుసు. భోజన్నకు నోరు ఎక్కడ ఆగుతుంది?

15 మే, బుధవారం

వాసన లేదు. ఈసారి నిజంగా లేదు.

కారు కింద బొట్లు పడుతున్నాయి. కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను.

18 మే, శనివారం

బాబురావ్‌ను ఎక్కించుకుని, అద్దాలు మూసి, ఉమ్రి రోడ్డున గంట తిప్పాను. అరగంటకే గురకపెట్టాడు. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

అక్కకు మళ్లీ ఉత్తరం రాయాలని మూడు కార్డులు చింపాను. కారు బాగైందని రాస్తే సరిపోతుందా? విద్యావతి చూసి, "కార్డులు సాలు. మీరు పోండ్రి" అంది. "మీరొక్కరే వాపసొచ్చినా సరే. పోండ్రి."

23 మే, గురువారం. అక్క ఇంట్లో

మధ్యాహ్నం మారోతీ నేనూ వచ్చాం. ఎండకు వాకిట్లో నీళ్లు చల్లుతున్న అక్క మమ్మల్ని చూసి చెంబు కింద పెట్టింది.

"గీ ఎండల ఎందుకచ్చినవ్ రా తమ్మీ?"

జుట్టు చాలా తెల్లబడింది. కాళ్లకు నీళ్లిచ్చింది, జొన్నరొట్టె, పప్పు పెట్టింది. రేపటి సంగతి ఆమె ఎత్తలేదు. నేను ఎత్తబోయిన ప్రతిసారీ రొట్టె వేసింది. అయిదు రొట్టెలు తిన్నాను.

తర్వాత కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది.

"ఇందుల వాసన రాదంటవ్?"

"రాదక్కా."

"మనుషులు కూసున్నంక వాసన రాకుండ ఎట్లుంటది రా?"

నెల రోజుల కథంతా చెప్పేశాను. గొట్టం, జనపనార, పిల్లి, అత్తరు, బిందెలు. మొదట కొంగు నోటికి పెట్టుకుంది. తర్వాత అరుగు మీద కూలబడి కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది.

"చిన్నప్పటి సంది గంతేరా నువ్వు. ఏదన్న కారితె సాలు, గుడ్డ కుక్కుడే. లోపటేమైతున్నదో సూడవు" అంది.

ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చింది. "ఆ దినం నేను తప్పు జేసిన అక్కా" అన్నాను. ఇంకా చాలా అనాలని దారంతా అనుకుంటూ వచ్చాను. అనగలిగింది అదొక్కటే.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బర్రెకు మేతెయ్యాలె" అని లేచిపోయింది.

వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

24 మే, శుక్రవారం

తెల్లవారి లేచేసరికి అక్క స్నానం చేసి, ఆకుపచ్చ ఇల్కల్ చీర కట్టుకుని, గుడ్డసంచి పట్టుకుని కారు పక్కన నిలబడి ఉంది. చేతిలో నిమ్మకాయ. "మేనత్త లేకుంట ఈ పోరికి గూడ పేరు పెడితె మంచిగుండది" అంది, నాతో కాదు, మారోతితో.

నేను పట్టుపంచె, జరీ ఉత్తరీయం వేసుకున్నాను. వెనక సీట్లో ఆమె పక్కన కూర్చున్నాను. ఏసీ వేయించాను. శుభ్రమైన, చల్లటి, ఏ వాసనా లేని గాలి. రెండు కిలోమీటర్లు వెళ్లామో లేదో,

"సలి పెడ్తున్నది రా. గీ డబ్బా బంద్ వెట్టు. అద్దాలు దించు, జెర గాలి రానియ్" అంది.

నెల రోజుల నా తపస్సు రెండు కిలోమీటర్లు! మారోతి భుజాలు ఊగుతున్నాయి, వాడు నవ్వుతున్నాడని వెనక నుంచే తెలిసింది. వేడిగాలి, దుమ్ము, లారీల పొగ, అన్నీ లోపలికి వచ్చాయి. అక్క నిమ్మకాయ వాసన చూస్తూ, దారి పొడుగునా పొలాలెవరివో, ఎవరి కోడలు ఎలాంటిదో చెబుతూ కూర్చుంది. నాయిగావ్ దగ్గర ఒకసారి ఆపమంది. దిగి, నీళ్లు పుక్కిలించి, మళ్లీ ఎక్కింది. ఇక గండం గడిచిందనుకున్నాను.

గల్లీలోకి తిరిగేసరికి పదకొండు. ఇంటి ముందు పందిరి, పందిరి కింద కుర్చీలు. సెక్రటరీ గారు, బాబురావ్, మోంఢా పెద్దలు అందరూ ఉన్నారు. ముందు వరసలో అప్పటి బ్యాంకు మేనేజర్. ఇప్పుడు రిటైరై ఇక్కడే ఉంటున్నాడు. కారు ఆగింది. అందరూ ఇటే చూస్తున్నారు. నేను తలుపు తీయబోతూ అక్క వైపు తిరిగాను. మొహం తెల్లగా పాలిపోయింది. నిమ్మకాయ చేతిలోంచి జారింది.

ఆలోచించలేదు. రెండు చేతులూ దోసిలిపట్టాను.

"చేతులు తియ్ రా, పట్టుబట్టలు!" అంది.

"కానియ్ అక్కా."

దోసిలి సరిపోలేదు. ఉత్తరీయం, పంచె అన్నీ తడిశాయి. ఆమె చీర కూడా పాడైంది. నెల రోజులు పడి పోగొట్టిన వాసనంతా ఒక్క నిమిషంలో తిరిగొచ్చింది. ఇప్పుడు నా ముక్కు బాగా పనిచేస్తోంది కూడా.

అక్క కొంగుతో మూతి తుడుచుకుంది. పందిరి వైపు, కుర్చీల వైపు చూసింది. తల దించుకుంది. పదకొండేళ్ల కిందట గేటు దగ్గర నిలబడ్డప్పటి మొహమే.

"దొడ్డి తొవ్వ ఎటు రా? మరిచిపోయిన."

"మూసేసిన."

"ఎప్పుడు?"

"ఇప్పుడే" అన్నాను.

ఆమె చేయి పట్టుకుని దింపాను. ఇద్దరం అదే వాలకంతో పందిరి మధ్య నుంచి నడిచాం. మేనేజర్ గారి ముందు ఆగాను. "మా అక్క, చంద్రభాగ. పిల్లకు పేరు పెట్టనీకి వచ్చింది. నన్ను పెంచింది ఈమెనే" అన్నాను. గొంతు అంత పెద్దగా ఎలా వచ్చిందో తెలియదు. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆయన లేస్తే మిగతా వాళ్లు కూర్చుంటారా? పందిరంతా లేచింది. ముందు గుమ్మంలో విద్యావతి చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. అక్క కాళ్ల మీద పోస్తూ ఏడ్చింది. చెంబు ఖాళీ అయినా పోస్తూనే ఉంది.

అక్క స్నానం చేసి విద్యావతి చీర కట్టుకుని వచ్చింది. పాపను ఒళ్లోకి తీసుకుని, చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. చెప్పగానే గల్లీలోని మరాఠీ ఆడవాళ్లంతా మేనత్త వీపు మీద గుద్దులు కురిపించారు, వాళ్ల ఆచారం. "మెల్లగ! మెల్లగనే! మోటరు దిగిన మనిషిని!" అని అక్క కేకలు, అందరి నవ్వులు. పాప పేరు వైదేహి. ఉమ్రి నుంచి పొద్దున్నే వచ్చిన పెద్దోణ్ణి చూపించి, ఆ రోజు వీడికి ఏ పేరు అనుకుని వచ్చావని అడిగాను. "అది వానికి చెప్త. నీకెందుకు?" అంది.

తర్వాత పంగత్, బంతి భోజనాలు. నేను మేనేజర్ పక్కన కూర్చున్నాను. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ నా ఆకు ముందు ఆగింది.

"చేతులు కడుక్కున్నవా?"

"మూడు సార్లు కడుక్కున్న."

"ఏదీ."

రెండు చేతులూ చాపాను. వంగి వాసన చూసింది. మొహం చిట్లించింది.

"ఇంకా వస్తనే ఉన్నది. గీ చేతులతోటి తింటవా?" అంది. గిన్నె కింద పెట్టి, నా ఆకు ముందు కూర్చుంది. పప్పన్నం కలిపి, నెయ్యి వేసి, ముద్ద చేసింది. నాకు నలభై రెండేళ్లు. మోంఢా అంతా చూస్తోంది, మేనేజర్ తినడం ఆపి మరీ చూస్తున్నాడు.

"ఊఁ, తెరువు" అంది అక్క.

నేను నోరు తెరిచాను.